నూకరత్నం ఏరిన గుల్లలు

అనగనగా సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో నూకరత్నం అనే ఆవిడ ఉండేది. ఆవిడ చూపు ఎంత చురుకంటే, ఇసుకరేణువంత గుల్లని కూడా ఇది ఫలానాదని పోల్చి చెప్పేసేది. అందుకని సముద్రం సంగతులు కనిపెట్టే ఆఫీసులో పనిలో పెట్టుకున్నారు.

ఏం పనో తెలుసా తల్లీ? ఓడలో వెళ్ళినవాళ్ళు నడిసముద్రంలో పొడుగాటి గొట్టం దింపి, అడుగు బురద పొరలు పొరలుగా తెచ్చేవాళ్ళు. అందులో వేల ఏళ్ళ కిందటి బుల్లి బుల్లి ప్రాణుల గుల్లలుంటాయి. కొన్ని చలినీళ్ళలో బతికినవి, కొన్ని వెచ్చటి నీళ్ళలో బతికినవి. నూకరత్నం మైక్రోస్కోపులో చూస్తూ, తడి కుంచెతో ఒక్కోటీ ఏరి, ఏ పొరవి ఆ పొర సీసాలో వేసేది. వాటిని చూసి, అప్పట్లో సముద్రం ఎలా ఉండేదో ఆ ఆఫీసులో శాస్త్రవేత్త హైమావతి మేడం చెప్పేది.

ఒకరోజు మేడం కంగారుగా పిలిచింది.

"రత్నం, ఈ పొరలో అన్నీ చలినీళ్ళ గుల్లలే. పై పొరలో అన్నీ వెచ్చనీళ్ళవే. మధ్యన ఉన్నది బొటనవేలంత మందం బురదే. సముద్రం అంత తొందరగా మారదే! సీసాలు కలిపేశావా?"

నూకరత్నం గబగబా సీసాల మీది చీటీలు చూసుకుంది. ఆ పొరలు ఏరిన వారమే మనవరాలికి జ్వరం. నిద్రలేని కళ్ళతో పనిచేసింది. ఏమో, కలిపేశానేమో! మూడేళ్ళ పని నా చేతుల్లో పాడైపోయిందేమో!

గొట్టంలోని బురదని మొదట్లోనే నిలువునా కోసి, సగం దాచి ఉంచారు. అప్పుడు మేడం అందులోంచి మళ్ళీ ఏరమంది. ఏరింది. అవే గుల్లలు.

ఆ తర్వాత ఏ పొరో చెప్పకుండా ఇచ్చి ఏరించింది. మళ్ళీ అవే.

ఆ తర్వాత వేరేచోట తీసిన బురద తెప్పించారు. అది వచ్చేదాకా ఇరవై రోజులు! ఇంట్లో ఎవరు పలకరించినా నూకరత్నం ఉలిక్కిపడేది. చివరికి ఆ బురద వచ్చింది. అందులోనూ అంతే.

"నీ తప్పేం లేదు రత్నం," అంటూ మేడం ఆవిడ చెయ్యి పట్టుకుంది. కానీ మళ్ళీ మళ్ళీ ఆ సీసాలకేసే చూస్తోంది.

అప్పుడు నూకరత్నం మెల్లిగా అడిగింది. "మేడంగారూ, బొటనవేలంత బురద పేరుకోవడానికి ఎన్నేళ్ళు పడుతుంది?"

"ఇక్కడైతే అరవై ఏళ్ళు."

"అంటే, ఒక మనిషి పుట్టి ముసలయ్యేలోపు సముద్రం అంతా మారిపోయిందా? మన కాలంలోనూ అలా మారుతుందా?"

"తెలీదమ్మా. అదే కనుక్కోవాలి."

కిటికీలోంచి చూస్తే పడవలు ఒడ్డుకొస్తున్నాయి. వాటిలో ఆవిడ కొడుకు పడవ కూడా ఉంది. అది ఒడ్డుకి తగిలేదాకా నూకరత్నం చూపు తిప్పలేదు.

"తప్పు నాదే అయితే ఎంత బాగుండేదండీ," అంది.

ఆ తర్వాత కుంచె తడిపి, ఇంకా కింది పొర బురద ముందుకు లాక్కుంది.

దగ్గరికి జరుగు తల్లీ, దుప్పటి కప్పుతాను.

కథ పోయె కంచికి,
మనం పోదాం ఇంటికి,
నిద్ర రావే నా చిట్టి కంటికి.