కిరీటం మీద బిందె నిలవదు

కొమ్మసానికి యాభై రెండేళ్ళు. నీళ్ళు తాగేముందు చెంబులోకి ఒకసారి తొంగి చూడటం ఆవిడ అలవాటు.

వానలు చుట్టపుచూపుగా వచ్చిపోయే ఒకానొక రాజ్యంలో, ఉద్దండవర్మ మహారాజు కొలువులో ఆవిడ కథలు చెప్పే ఉద్యోగం చేసేది. రాజుగారు చెడ్డవాడు కాదు. కాకపోతే పక్కదేశపు రాజు గుర్రమెక్కితే ఈయన ఏనుగెక్కాలి. అతను కూడా ఏనుగెక్కితే, ఈయన ఏనుగు మీద నిలబడాలి.

ఒక వేసవిలో రాజ్యం నోరెండిపోయింది. ఏ దేశంవాళ్ళు నీళ్ళెలా దాచుకుంటున్నారో చూసి రమ్మని రాజు మంత్రి బేతనామాత్యుణ్ణి పంపాడు. మంత్రి పల్లకీలో వెళ్ళి, ఏడాదికి పల్లకీలోనే తిరిగొచ్చాడు. రాగానే కాళ్ళు కడుక్కోవడానికి మూడు బిందెల నీళ్ళు పోయించుకున్నాడు.

"ఎడారి దేశాల నుంచి దుమ్ము తెచ్చారు గానీ, అక్కడి పొదుపు తేలేదే అమాత్యులవారూ!" అంది కొమ్మసాని. సభ కిసుక్కుమంది. మంత్రి విననట్టు గొంతు సవరించుకున్నాడు.

"ప్రభూ, భూమ్మీద ఉన్న దేశాలన్నీ తిరిగాను. ఎడారి దేశంలో కొండ అడుగు నుంచి ఊరిదాకా నేలలోపల సొరంగం తవ్వుతారు. నీటికి ఎండ ముఖమే చూపించరు. ద్వీపంలో ఇంటి కప్పు మీద పడ్డ వానంతా ఇంటికింది తొట్టిలోకి దిగుతుంది. మంచు దేశంలో చలికాలపు నీటిని గుట్టలా గడ్డకట్టించి, ఎండాకాలం కరిగించుకుంటారు. ఇంకోచోట సముద్రపు నీళ్ళు కాచి, ఆవిరి పట్టి తాగుతారు."

"కట్టెలు ఎవరు తెస్తారు?" అంది కొమ్మసాని.

"ఏ కట్టెలు?"

"సముద్రం కాచడానికి."

మంత్రి అక్కడ ఆ సంగతి అడగలేదు. "అది మన పని కాదు" అన్నాడు.

రాజుకు ఇవేవీ పట్టలేదు. "వీళ్ళెవరికీ లేనిది ఏమిటో చెప్పు" అన్నాడు.

"జలయంత్రం ప్రభూ! కోట ముందు తాటిచెట్టంత ఎత్తుకు నీళ్ళు చిమ్మిద్దాం. కుమ్మరివీధి దిగుడుబావి నుంచి కోటకు కాలువ తీసి, బావికి తలుపు బిగిస్తే చాలు."

ఊరు మొత్తానికి ఉన్న మంచినీటి బావి అదొక్కటే.

"మరి జనం?" అన్నాడు రాజు.

"రెండు క్రోసుల్లో ఏరుంది కదా. ఆడవాళ్ళకు నడక ఒంటికి మంచిదే."

కొమ్మసాని ఇల్లు కుమ్మరివీధిలోనే. కొడుకు సరిహద్దులో సిపాయి. ఆవిడ మోకాళ్ళు బిందె మోయనని మొరాయించి చాలా కాలమైంది. ఇంటికి నీళ్ళు తెచ్చేది కోడలు. ఆ పిల్లకు నెలలు నిండాయి. ఎండలో రెండు క్రోసులు నడిస్తే దారిలోనే పురుడొచ్చేలా ఉంది. ఏడిస్తే రాజు కరగడు, వాదిస్తే బిగుసుకుంటాడు. అందుకని ఆవిడ తనకొచ్చిన విద్యే బయటికి తీసింది.

"అమాత్యులవారు ఒక దేశం మరిచిపోయారు ప్రభూ. అక్కడ నూరేళ్ళుగా నీటికి కరువు లేదట. అన్ని దేశాలూ తిరిగిన మనిషి, చూడకుండా ఉంటారా?"

చూడలేదంటే మాట పోతుంది. "ఆ... చూశాను. చెప్పబోతున్నాను" అన్నాడు మంత్రి.

"అక్కడి ఆచారం కూడా చూసే ఉంటారు. రాజు స్నానానికి రాజే నీళ్ళు మోసుకోవాలి. ప్రజలు ఎక్కడ తెచ్చుకుంటే అక్కడి నుంచే. ఎన్ని బిందెలండీ, ఒకటేనా?"

"ఒకటే" అన్నాడు మంత్రి, నుదురు తుడుచుకుంటూ.

"ఒకటా!" రాజు సింహాసనం మీద నుంచి లేచాడు. "మేం రెండు మోస్తాం! రేపే దండోరా వేయించండి!"

మర్నాడు పొద్దున్నే బావికి తలుపు బిగించారు. రాజు ఏటికి బయల్దేరాడు. వెనక ఊరి ఆడవాళ్ళందరూ ఖాళీ బిందెలతో, కోడల్ని ఇంట్లో కూర్చోబెట్టిన కొమ్మసాని ఉత్త చేతులతో నడిచారు. ఏటి ఒడ్డున రాజు నీళ్ళు ముంచుకుని బిందె నెత్తికెత్తుకోబోతే అది జారింది. మళ్ళీ ఎత్తాడు, మళ్ళీ జారింది.

"కిరీటం మీద బిందె నిలవదు ప్రభూ" అంది కొమ్మసాని. తన పాత చీర ముక్కను గుండ్రంగా చుట్టి, చుట్టకుదురు చేసి చేతికిచ్చింది. రాజు కిరీటం తీసి కుదురు పెట్టుకున్నాడు.

కోటకు చేరేసరికి సగం నీళ్ళు రాజుగారి మీసాల మీదే ఉన్నాయి. రాణి బిందెలోకి చూసి, "ఇంతేనా? రెండోది ఎప్పుడు తెస్తారు?" అంది.

మూడో రోజుకు రాజు మెడ ఒకపక్కకే తిరుగుతోంది. మాటలు మాత్రం మారాయి. దారిపొడవునా మంత్రిని అడుగుతూనే ఉన్నాడు. "ఆ ద్వీపంలో తొట్టి నీళ్ళు ఎన్నాళ్ళొస్తాయి? సొరంగం ఎవరు తవ్వారు? మనకు మంచు లేదు, సముద్రం లేదు. కప్పులున్నాయి, కొండ ఉంది కదయ్యా! అన్నట్టు కొమ్మసానీ, ఆ దేశంలో మంత్రి ఎన్ని మోస్తాడు?"

"నాలుగు ప్రభూ."

మొదటి బిందె నెత్తిమీద పెట్టగానే బేతనామాత్యుడు దాన్ని కిందికి దించేశాడు. "ప్రభూ! అలాంటి దేశమే లేదు! ఈవిడ కట్టుకథ అల్లింది!" అని అరిచాడు.

రాజు ఆగిపోయాడు. ఆడవాళ్ళూ ఆగిపోయారు.

"చూశానన్నావు కదా?" అన్నాడు మంత్రితో. తర్వాత కొమ్మసాని వైపు, మెడ తిరగదు కాబట్టి, మనిషంతా తిరిగాడు. "లేదా ఆ దేశం?"

"మొన్నటిదాకా లేదు ప్రభూ. మీరు కిరీటం తీసి కుదురు పెట్టుకున్న పొద్దున పుట్టింది. ఇంకా పసిది. కాస్త చూసుకోవాలి."

రాజు మొదట మీసం బిగించాడు. తర్వాత ఆ మీసమే వణికింది. పకపకా నవ్వాడు. ఆ నవ్వుకు బిందె ఒలికి నిలువునా తడిసిపోయాడు.

"బావి తలుపు ఊడబీకండి! ముందు కోట కప్పుల మీది వాన పట్టడానికి తొట్లు కట్టించండి. జలయంత్రం లేదు, గాడిదగుడ్డూ లేదు. కొమ్మసానీ, ఏం కావాలో కోరుకో."

"ఆ కుదురు ఇప్పించండి ప్రభూ. మా కోడలికి కావాలి."

రాజు కుదురిచ్చాడు. దాంతోపాటు వేలి ఉంగరమూ ఇచ్చాడు. ఆవిడ రెండూ తీసుకుంది.

రెండేళ్ళ తర్వాత కొమ్మసాని మంత్రి అయింది. ప్రతి ఇంట్లో రోజు విడిచి రోజు మగవాళ్ళే నీళ్ళు తేవాలని మొదటి ఆజ్ఞ వేసింది. ఆ ఎండాకాలం ముగియకముందే మగవాళ్ళు ఊళ్ళో రెండో బావి తవ్వేశారు.