జాగ్రత్త చేసిన కళ్ళద్దాలు

చెన్నదాసుగారిని ప్రశ్న అడిగినవాళ్ళకు సమాధానం దొరకడం అరుదు. పని మాత్రం దొరుకుతుంది. ముక్తి అంటే ఏమిటని అడిగిన ఒక రిటైర్డు తహసీల్దారు పొద్దుగూకేదాకా మఠంలో చింతపండు గింజలు తీసి, అడిగిన సంగతే మరిచిపోయి ఇంటికి పోయాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. అందుకని ఆ మఠానికి ఊసుపోక ఎవరూ ప్రశ్నలు పట్టుకు రారు. గొంతుదాకా వస్తేనే వస్తారు.

ఓబులేశుకు ఆ సాయంత్రం గొంతుదాకా వచ్చింది. నాపరాళ్ళను కోసి పాలిష్ పెట్టే బండల ఫ్యాక్టరీలో అతను మేనేజరు. పని సాగేలా చూడటంతో పాటు పనివాళ్ళకు దెబ్బ తగలకుండా చూడటమూ అతని బాధ్యతే. ఆ బాధ్యతను అతను నోటితో మోసేవాడు. రోజూ పొద్దున గేటు దగ్గర నిలబడి, వచ్చిన ప్రతివాడికీ "జాగ్రత్తప్పా, జాగ్రత్త" అని చెప్పనిదే మెషిన్లు వేయనిచ్చేవాడు కాదు. గోడ మీద అదే మాటను మనిషెత్తు ఎర్రక్షరాలతో రాయించాడు. పనివాళ్ళు చాటున అతన్ని జాగ్రత్తసారు అనుకునేవాళ్ళు. ఆ సంగతి తెలిసి అతను లోలోపల మురిసిపోయేవాడు కూడా.

అలాంటి చోట, ఆ వారంలోనే, మద్దిలేటి అనే పనివాడు గ్రైండరుతో బండ అంచు అరగదీస్తుంటే రాతి పలుకు ఎగిరివచ్చి కుడికంట్లో గుచ్చుకుంది. ఆ కంటికి ఇక చూపు రాదని ఆస్పత్రిలో చెప్పేశారు. ఆ సాయంత్రం గడిచి తెల్లారితే ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు విచారణకు వస్తున్నాడు. "కండ్లద్దాలు ఇచ్చినాం, వాడు పెట్టుకోలేదు, వాని అజాగ్రత్త. ఈ మాట చెప్పు, చాలు" అని ఓనరు ఓబులేశుకు నూరిపోశాడు. ఆ మాట చెబితే కన్ను పోయిన మద్దిలేటికి నష్టపరిహారమూ పోతుంది, పనిమంతుడన్న పేరూ పోతుంది. చెప్పకపోతే ఓబులేశు ఉద్యోగం పోతుంది. చెప్పడానికే అతను సిద్ధపడ్డాడు. సిద్ధపడ్డాక అన్నం సయించడం మానేసింది. అది కర్మ అనో ప్రారబ్ధం అనో గురువు నోట ఒక్క మాట వస్తే ముద్ద దిగుతుందని ఆశపడి మఠానికి వచ్చాడు.

చెన్నదాసుగారు అరుగు మీద కూర్చుని వక్క కత్తిరించుకుంటున్నారు. ఓబులేశు జరిగిందంతా చెప్పి, దండం పెట్టి అడిగాడు.

"స్వామీ, దినామూ జాగ్రత్త అని చెప్తానే ఉంటి. అయినా దెబ్బ తగిలె. ఆ పాపం చెప్పినోనిదా, విననోనిదా?"

గురువు తలెత్తకుండానే, "కండ్లకు పెట్టుకునే అద్దాలుంటాయంట గదా, అవి లేవా మీకు?" అన్నారు.

"లేకేం స్వామీ! మేలైనవి తెప్పించినాం. ఆయుధపూజనాడు పసుపూ కుంకుమా పెట్టి బీరువాలో జాగ్రత్త చేసినా. వీళ్ళ చేతికిస్తే రెండు దినాలకే గీతలు పడిపోతాయి. ఆఫీసర్లు వచ్చినప్పుడు తీసి ఇస్తాం, వాళ్ళు పోతూనే తుడిచి మళ్ళా లోపల పెడ్తాం. తాళంచెవి ఎప్పుడూ నా జేబులోనే."

ఈ మాట అతను కాస్త గర్వంగానే చెప్పాడు. నవ్వడానికి మనకేమీ హక్కు లేదు. మంచి దుప్పటిని చుట్టాల కోసం ట్రంకుపెట్టెలో దాచి చిరిగినదాని మీద పడుకునేవాళ్ళమే మనమంతా. కొత్త కుర్చీకి చుట్టిన ప్లాస్టిక్ కవరు కుర్చీ విరిగేదాకా విప్పం. ఓబులేశును వాళ్ళమ్మ అలాగే పెంచింది. వస్తువును పదిలంగా ఉంచినవాడే బుద్ధిమంతుడని అతను ఉగ్గుపాలతో నేర్చుకున్నాడు.

"సరేలే. కాళ్ళు కడుక్కొని లోపలికి రా, మాట్లాడుకుందాం" అని గురువు లేచి వెళ్ళిపోయారు.

చెన్నదాసుగారి గదికి ఒక్కటే గుమ్మం, అదీ పొట్టిది. పైన అడ్డంగా మొరటు రాతిబండ. ఆ బండ చేతిలో దెబ్బ తినని భక్తుడు ఒకప్పుడు ఉండేవాడు కాదు. ఓబులేశే తన మొదటి బొప్పి తగ్గాక, భార్య చేత ఎర్రటి వెల్వెట్ గుడ్డతో దూదిమెత్త కుట్టించి తెచ్చి దానికి కట్టాడు. అప్పటినుంచి ఎవరూ పెద్దగా వంగడం లేదు. తల తగిలినా మెత్తగా తగిలేది.

పెరట్లో కాళ్ళు కడుక్కుని, రేపటి మాట మనసులో వల్లె వేసుకుంటూ ఓబులేశు గుమ్మం దగ్గరికి వచ్చాడు. లోపలినుంచి గురువు కేక వినబడింది. "జాగ్రత్త నాయనా!" ఆ కేక చెవిన పడిన క్షణానే నుదురు ఠంగుమని రాతికి కొట్టుకుంది. కళ్ళు బైర్లు కమ్మి అతను గడప మీద కూలబడ్డాడు. చెయ్యి పెట్టి చూసుకుంటే వేళ్ళకు నెత్తురు అంటింది. తలెత్తి చూస్తే పైన ఒట్టి బండ.

"మెత్త ఏమాయె స్వామీ?" అన్నాడు, నొప్పితో వచ్చిన కోపాన్ని దాచుకోలేక.

"మాసిపోతా ఉంటే ఇప్పుడే తీసి పెట్టెలో జాగ్రత్త చేసినా."

"మరి వచ్చేవాళ్ళ తలకాయలు పగలవా?"

"దానికే గదప్పా, లోపల్నుంచి జాగ్రత్త అంటి."

మఠంలో వంట చేసే ఈరమ్మ ఈ సందడికి పసుపు డబ్బా పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. గాయం చూసి గురువు మీద విరుచుకుపడింది. "నీ బోధ పాడుగాను! మనిషి తల పగలగొట్టి చెప్పేదేం బోధ సామీ?"

చెన్నదాసుగారు ఆమె చేతిలోని పసుపు తీసుకుని తానే గాయానికి అద్దారు. "ఆమె అనేది నిజమే. తెలిసి తీసినా" అన్నారు, శిష్యుడి ముఖంలోకి చూడలేక. అంత పెద్దాయన సిగ్గుపడటం ఓబులేశు ఎన్నడూ చూడలేదు. చిట్లింది వేలెడు చర్మం. దానికే ఆయన తలెత్తలేకపోతున్నారు. పోయింది ఒక మనిషి కన్ను. తనేమో అద్దాలు ఎంత పదిలంగా ఉన్నాయో ఇప్పుడే ఈయనకు చెప్పుకుని మురిశాడు.

సిగ్గుతో చచ్చినంత పనయితే తల కొట్టేసినట్టయింది అంటాం. ఓబులేశుకు ముందు తల కొట్టుకుంది, ఆ తర్వాతే కొట్టేసినట్టయింది. రేపు ఏం చెప్పాలని అతను అడగలేదు. గురువూ చెప్పలేదు.

మర్నాడు ఫ్యాక్టరీ ఆఫీసు గదిలో ఇన్‌స్పెక్టరు ముందు ఓనరు కూర్చున్నాడు. గోడవారగా మద్దిలేటి నిలబడ్డాడు, కంటికి కట్టుతో. ముందు అతన్నే అడిగారు. ఓబులేశు ఊపిరి బిగబట్టాడు. తనమీద ఏం చెబుతాడో అని కాదు, ఏం చెప్పినా పడాలని.

"మా మేనేజరు సారు సానా మంచోడు సార్" అన్నాడు మద్దిలేటి. "దినామూ పొద్దున్నే చెప్తాడు, జాగ్రత్తప్పా అని. నేనే సూసుకోలేదు. సారుదేం తప్పు లేదు."

తిట్టినా బాగుండేది. ఓబులేశుకు నిలబడిన చోట భూమి చీలితే దిగిపోవాలనిపించింది. ఓనరు తృప్తిగా అతని వైపు తిరిగి తల ఊపాడు, ఇక నీ వంతు అన్నట్టు. ఓబులేశు జేబులోంచి తాళంచెవి తీసి, వెళ్ళి బీరువా తెరిచాడు. లోపల కళ్ళద్దాలు వరసగా, ప్లాస్టిక్ కవర్లలో మిలమిలలాడుతున్నాయి. కవర్ల మీద పండగనాటి పసుపు ఎండి పొట్టు రాలుతోంది.

"ఇవి వీళ్ళకు ఎప్పుడిచ్చారు?" అని ఇన్‌స్పెక్టరు అడిగాడు.

"ఇవ్వలేదు సార్. జాగ్రత్త చేసినా."

జీవితంలో లెక్కలేనన్నిసార్లు పలికిన ఆ మాటను అతను మొదటిసారి చెవులారా విన్నాడు. మద్దిలేటి బీరువా దగ్గరికి వచ్చి, ఒక కవరు తీసుకుని, ఉన్న కంటికి దగ్గరగా పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"సానా బాగుండాయి సార్" అన్నాడు మెల్లగా. "ఇవి మాకు తెప్పించినవేనా?"

అందులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అతనికి తెలియదు. ఆఫీసర్లు వచ్చినప్పుడు పెట్టుకుని, వాళ్ళు పోగానే తిరిగి ఇచ్చేసే ఆ అద్దాలు ఆఫీసువని, ఎరువు సొమ్మని అతను ఇన్నాళ్ళూ అనుకున్నాడు. ఓబులేశు అవునని తలూపి, బీరువా తలుపు పట్టుకుని అందరి ముందూ ఏడ్చాడు.

తర్వాతి సంగతులు చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేవు. తప్పు ఫ్యాక్టరీదేనని తేలింది, మద్దిలేటికి రావలసింది వచ్చింది. ఓనరు ఓబులేశుతో మాట్లాడటం మానేశాడు. ఇన్‌స్పెక్టరు కన్ను ఫ్యాక్టరీ మీద ఉంది కాబట్టి పనిలోంచి తీసేయలేకపోయాడు. బీరువా తాళం ఎక్కడుందో ఇప్పుడు ఎవరికీ తెలియదు, ఎవరికీ అవసరమూ లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాడని పనివాళ్ళు అనుకున్నారు. అనుకుంటారు మరి. ఓబులేశు ఆ మాట విని తల వంచుకున్నాడు. పొద్దున గేటు దగ్గర మాత్రం ఇప్పటికీ నిలబడతాడు. నోటితో ఏమీ చెప్పడు. వచ్చిన ప్రతివాడి చేతిలో అద్దాలు పెడతాడు. పాతవి గీతలు పడితే పారేసి కొత్తవి ఇస్తాడు. ఒంటి కంటితో వాచ్‌మన్ కుర్చీలో కూర్చున్న మద్దిలేటి పలకరించినప్పుడల్లా అతను చేతిలోని అద్దాల వైపు చూపు తిప్పుకుంటాడు.

ఒకనాడు మళ్ళీ మఠానికి వెళ్ళాడు. గుమ్మానికి మెత్త యథాస్థానంలో ఉంది. వచ్చిపోయేవాళ్ళ తలనూనెతో జిడ్డోడుతూ, ఎరుపో నలుపో తెలియకుండా ఉంది. అతను దాని కింద బాగా వంగి లోపలికి వెళ్ళి, గురువు ముందు కూర్చున్నాడు.

"అందరికీ అద్దాలు ఇస్తాండా స్వామీ. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అయినా మద్దిలేటి కంటికట్టు కండ్ల ముందర్నుంచి పోదు. ఈ సిగ్గు ఎప్పుడు పోతుంది?"

చెన్నదాసుగారు ఈసారి పనేమీ చెప్పలేదు. అతని నుదుటి మీద మానిన మచ్చను చాలాసేపు చూశారు.

"దాన్ని మాత్రం బీరువాలో పెట్టొద్దప్పా" అన్నారు.