తవిటయ్య తీసుకోని పతకాలు

“కోపాన్ని వదిలెయ్యమంటారు, సరే. అది మనల్ని వదలకపోతే ఏం చెయ్యాలి?” అని విశ్వేశం అడిగాడు. ఏదో ఆఫీసులో తన తల్లిని పొద్దుటి నుంచి మిట్టమధ్యాహ్నం దాకా నిలబెట్టి ఉత్త చేతులతో పంపేశారని వారం రోజులుగా అతను ఉడికిపోతున్నాడు. పాఠం చెవికెక్కడం లేదు. గురువు కూర్మనాథం గారు శ్లోకం చదివి నోరు మూయించే మనిషి కారు. తనకు తెలిసిన గేదెల దాలమ్మ సంగతి చెప్పారు.

దాలమ్మ తండ్రి తవిటయ్య పదిహేడేళ్లు సైన్యంలో పనిచేశాడు. యుద్ధంలో ఎడమచేతి రెండు వేళ్లు పోగొట్టుకుని ఊరికొచ్చి, జీడితోట వేసుకుని, యుద్ధం మాటెత్తకుండానే కాలం చేశాడు. రావలసిన మూడు పతకాలూ ఎన్నడూ తెచ్చుకోలేదు. ఆయన పోయిన ఏడాదికి ఊరి కమిటీ వాళ్లు బడి గోడ మీద ఊరి సైనికుల పేర్లు చెక్కించారు. అందులో తవిటయ్య లేడు. దాలమ్మ వెళ్లి అడిగితే కమిటీ పెద్ద కుర్చీలోంచి కదలకుండానే, “పతకం లేని సిపాయి ఏం సిపాయమ్మా? మీ అయ్య అక్కడ గరిటె తిప్పాడేమో” అన్నాడు. పక్కనున్నవాళ్లు నవ్వారు.

ఆ నవ్వు ఆమెను పతకాల కోసం రెండేళ్లు తిప్పింది. తండ్రి సైన్యం వదిలినప్పుడిచ్చిన డిశ్చార్జి పుస్తకం చెదలు తినేసింది. పట్నంలో సైనికుల ఆఫీసు గుమాస్తా, ఆమె వెళ్లినప్పుడల్లా మరో కొత్త కాగితం అడిగేవాడు. “ఆయనకే అక్కర్లేనివి నీకెందుకు?” అనేవాడు. ఆమె పళ్లు బిగబట్టుకుని మళ్లీ బస్సెక్కేది. చివరికి తండ్రితో కలిసి పోరాడిన బలగ సూరప్పడిని వెతికి పట్టుకుని సాక్ష్యం రాయించింది. నాలుగు నెలలకు పోస్టులో అట్టపెట్టెలో మూడు పతకాలూ వచ్చాయి. వాటి అంచు మీద తండ్రి పేరు, నంబరు చెక్కి ఉన్నాయని పోస్టుమాస్టరు చదివి చెప్పాడు.

వాటిని కమిటీ పెద్ద మొహాన కొట్టాలని బయల్దేరింది. దారిలో సూరప్పడికి చూపిద్దామని ఆగింది. ముసలాయన వాటిని ముట్టుకోలేదు.

“ఇవి మీ అయ్య కావాలనే వద్దన్నాడమ్మా,” అన్నాడు. “పతకాలు పంచిననాడు మాతో పోరాడిన సవర ఎండయ్య పేరు చదవలేదు. శవం దొరకలేదు కదా, ఆచూకీ లేదని రాశారు. పారిపోయాడేమో అన్నాడో ఆఫీసరు. ఎండయ్య పడిపోవడం మీ అయ్య కళ్లారా చూశాడు. వేళ్లు పోయింది అతన్ని ఇవతలికి లాగబోయినప్పుడే. ‘ఆడికిచ్చిననాడే నాకివ్వండి’ అని వరసలోంచి పక్కకొచ్చేశాడు.”

“ముందే ఎందుకు చెప్పలేదు బాబాయ్?”

“చెబితే నువ్వు అర్జీ మానేస్తావని. గోడ మీద మీ అయ్య పేరు చూడాలని నాకూ ఆశే కదమ్మా.”

దాలమ్మకు ఒళ్లు మండిపోయింది. సూరప్పడి మీద, ఆ ఆఫీసరు మీద, అందరికన్నా ఎక్కువ తండ్రి మీద. ఇంత కోపాన్ని నలభై ఏళ్లు గుండెల్లో పెట్టుకుని ఒకే కంచంలో తిన్న కూతురికి ఒక్క ముక్క చెప్పలేదు. ఆమె కమిటీ పెద్ద దగ్గరికి వెళ్లలేదు. మూడో రోజున కొండ మీద ఎండయ్య వాళ్ల గూడేనికి వెళ్లింది. ఎండయ్య చెల్లెలు లక్కాయి బతికే ఉంది. కొడుకు పారిపోయాడన్న మాట మోస్తూనే తమ తండ్రి చచ్చిపోయాడని ఆమె చెప్పింది.

ఆ వారమే ఇద్దరూ కలిసి పట్నం వెళ్లారు. గుమాస్తా తలెత్తి చూసి, “మళ్లీ వచ్చావా? నీవి ఇచ్చేశాం కదా?” అన్నాడు.

“నాకిచ్చారు. ఈమె అన్న ఎండయ్యవి ఇవ్వలేదు.”

“ఆ ఎండయ్య నీకేమవుతాడు?”

“మా అయ్య నలభై ఏళ్లు అలిగింది ఆయన కోసమే. నాకేమవుతాడో మీరే రాసుకోండి.”

గుమాస్తా ఫైలు లేదన్నాడు. లేదని కాగితం మీద రాసిమ్మని ఆమె అక్కడే కూర్చుంది. సాయంత్రం ఆఫీసు మూసేలోగా రాసిచ్చాడు. ఈలోగా పతకాల సంగతి ఊళ్లో పొక్కి, తవిటయ్య పేరు చెక్కిస్తామని కమిటీ పెద్ద కబురు పెట్టాడు. ఎండయ్యవి వచ్చేదాకా వద్దని చెప్పించింది.

కూర్మనాథం గారు అక్కడికి ఆపేశారు. విశ్వేశం, “మరి ఎండయ్య పతకాలు వచ్చాయా అయ్యవారూ?” అని అడిగాడు.

“ఇంకా రాలేదు. సోమవారం మళ్లీ వెళ్తున్నారు,” అన్నారాయన. “దాలమ్మకు ఇంగ్లీషు రాదు. కాగితాలు చదివిపెట్టే మనిషి తోడుంటే బాగుండునని మొన్న అంటోంది.”