దారికొచ్చిన పళ్ళేలు

గెడ్డపాలెంలో తెలివి ఎక్కడుంటుందని ఎవరినడిగినా సముద్రం వైపు చివరి ఇంటికేసి వేలు చూపించేవారు. చూపించి, అటు తిరిగి నవ్వుకునేవారు. ఆ ఇంటివాళ్ళకి వేలు కనపడేది గానీ నవ్వు కనపడేది కాదు. ఆ ఇల్లు బంగారమ్మది. ఆమెకిద్దరు తమ్ముళ్ళు, కొండబాబు, ఎర్రయ్య. ముగ్గురిలోకీ తెలివైనదాన్ని తానేనని బంగారమ్మకి గట్టి నమ్మకం. తమ్ముళ్ళకీ అదే నమ్మకం, ఎవరి గురించి వాళ్ళకి.

"మనకి ఒకసారి చెబితే చాలురా. చెప్పింది చెప్పినట్టు చేస్తాం. ఊళ్ళోవాళ్ళు చూడు, సగం కలుపుతారు, సగం వదిలేస్తారు. అందుకే బాగుపడరు," అనేది బంగారమ్మ.

అలా చెప్పింది చెప్పినట్టే చెయ్యడం వల్ల, ముగ్గురూ ఏ పనిలో చేరినా ఒక్క పూటకే యజమానులు చేతులెత్తి దండం పెట్టి పంపించేసేవారు. ఆ దండాలన్నీ మర్యాదేననుకుని వీళ్ళు మురిసిపోయేవారు. మురిసిపోయినా పొయ్యి మీద గిన్నె మాత్రం నిండేది కాదు.

అలాంటి రోజుల్లో ఊరి జీడితోటలోకి ఓ కొత్త ఆట వచ్చింది. జగ్గారావు మాస్టారని, పట్నంలో బడిపిల్లలకి డ్రిల్లు నేర్పి రిటైరైన పెద్దమనిషి, తోటలో తొమ్మిది ఇనపబుట్టలు పాతించారు. ఒక్కో బుట్ట మీద గొలుసులు వేలాడుతుంటాయి. దూరం నుంచి పళ్ళెంలాంటి డిస్కు విసిరితే అది ఎగురుకుంటూ పోయి, గొలుసులకి ఘల్లుమని తగిలి బుట్టలో పడాలి. డిస్క్ గోల్ఫ్ అంటారు దాన్ని. ఊరివాళ్ళకి ఆ పేరు నోరు తిరక్క పళ్ళేలాట అన్నారు.

తోటకి దగ్గరిల్లు బంగారమ్మదే. మాస్టారు వచ్చి పన్నెండు కొత్త డిస్కులున్న సంచీ ఆమె చేతిలో పెట్టారు.

"వచ్చే నెల పోటీ ఉందమ్మా. ఇవి కొత్తవి కదా, బిరుసుగా ఉంటాయి, మాట వినవు. తిన్నగా విసిరినా ఎడమకి తిరిగిపోతాయి. రోజూ వీటిని ఆడించండి. ఆడేకొద్దీ అరుగుతాయి, మెత్తబడతాయి, వాటంతటవే దారికొస్తాయి."

"ఎన్నాళ్ళు బతుకుతాయి బాబూ ఇవి?" అనడిగింది బంగారమ్మ.

"చౌకరకమైతే ఆర్నెల్లు, మంచిరకమైతే మూడు నాలుగేళ్ళు. కానీ ఈ తోటలో చెట్లెక్కువ. వీటి ఆయుష్షంతా ఆ చెట్ల చేతుల్లోనే ఉంది. పోటీ నాటికి ఇవి సరిగ్గా తయారైతే తోట కాపలా ఉద్యోగం మీ ముగ్గురికీ. లేదంటే వేరేవాళ్ళని చూసుకుంటాను."

ఉద్యోగం! అదీ ఇంటి పక్కనే! ఆయన వెళ్ళగానే బంగారమ్మ తమ్ముళ్ళని కూర్చోబెట్టింది.

"మాస్టారు మొట్టమొదట ఏం చెయ్యమన్నారు?"

"ఆడించమన్నారప్పా."

"మరింకేం? మర దగ్గరికి పదండి."

అంతే. ముగ్గురూ సంచీ నెత్తిన పెట్టుకుని సింహాచలం పిండిమరకి పోయారు.

"ఏటి ఆడించాలి బంగారమ్మా? బియ్యమా, మినుములా?" అన్నాడు సింహాచలం.

"పళ్ళేలు."

"పళ్ళెంలో ఏటి తెచ్చావనే అడుగుతున్నాను."

"పళ్ళెంలో ఏమీ లేదు. పళ్ళేన్నే ఆడించాలి. మెత్తగా ఆడు నాయనా, మెత్తబడాలన్నారు."

సింహాచలం తేరుకునేలోపు కొండబాబు ఒక డిస్కుని మరలోకి కుక్కేశాడు. ఇంకేముంది! మర గుర్రుమంది, గీమంది, బెల్టు పటుక్కున తెగింది. లోపల్నుంచి డిస్కు అంచులు నమిలినట్టు బయటికొచ్చి సింహాచలం కాళ్ళ దగ్గర పడింది. అతను జల్లెడ ఎత్తాడు. వీళ్ళు మిగిలిన పదకొండూ పట్టుకుని పరుగు లంకించుకున్నారు.

"ఆడితే అరుగుతుందన్నారు గదప్పా," అన్నాడు ఎర్రయ్య రొప్పుతూ. "మరకి అరగనేలేదు. కక్కేసింది."

"మరది బలహీనమైన జీర్ణశక్తిరా. మన తప్పేం లేదు. తర్వాత ఏమన్నారు?"

"వాటంతటవే దారికొస్తాయన్నారు."

మర్నాడు డిస్కుల్ని అరుగు మీద వరసగా పెట్టి, ముగ్గురూ పోయి దారిలో నిలబడ్డారు. ఎండెక్కింది. ఒక్కటీ కదల్లేదు.

"కాళ్ళు లేవు గదప్పా, ఎలా వస్తాయి?" అన్నాడు కొండబాబు.

"బస్సుకి మాత్రం కాళ్ళున్నాయేటి? రోజూ రావట్లేదా?"

అదీ నిజమేననిపించింది కొండబాబుకి. మనం గుడ్లప్పగించి చూస్తుంటే సిగ్గుపడుతున్నాయేమోనని ముగ్గురూ వీపులు తిప్పి నిలబడ్డారు. అంతలో అరుగు మీదున్న పిల్లి ఒళ్ళు విరుచుకుంటూ ఒక డిస్కుని తన్నింది. అది నిలువుగా లేచి, దొర్లుకుంటూ దొర్లుకుంటూ దారి మధ్యకొచ్చి పడుకుంది.

"వచ్చింది! వాటంతటవే వస్తున్నాయి!" అని బంగారమ్మ గంతులేసింది. ఒకదానికి దారి తెలిసింది, మిగతావాటికి కాస్త చెయ్యందిస్తే తప్పులేదనుకుని, అన్నింటినీ దొర్లించేశారు. సరిగ్గా అప్పుడే చెరువు నుంచి గేదెల మంద తిరిగొచ్చింది. నలభై గేదెలు, నూట అరవై గిట్టలు. మంద పోయాక చూస్తే డిస్కులు బురదలో కూరుకుపోయి ఉన్నాయి. తవ్వి తీసి, తోమి, ఆరబెట్టారు.

"ఇక మిగిలింది ఆయుష్షు," అంది బంగారమ్మ. "అది చెట్ల చేతుల్లో ఉందన్నారు. మన చేతుల్లో పెట్టుకుని కూర్చుంటే ఎలా పెరుగుతుంది? చెట్ల చేతుల్లోనే పెట్టాలి."

అంతే. కొండబాబు జీడిచెట్లెక్కి కొమ్మకొకటి పెట్టాడు. దిగి వెనక్కి తిరిగాడో లేదో సముద్రపు గాలికి డిస్కులన్నీ దబదబా చెట్ల వేళ్ళ మీద పడ్డాయి. మళ్ళీ ఎక్కాడు, మళ్ళీ పెట్టాడు, మళ్ళీ పడ్డాయి. అలా పొద్దున్నుంచి సాయంత్రం దాకా, పది రోజులు.

పదకొండో రోజున మాస్టారు వచ్చేసరికి కొండబాబు చెట్టు మీదున్నాడు. కింద ఎర్రయ్య డిస్కులేరుతున్నాడు. బంగారమ్మ చెట్టుని తిడుతోంది.

"ఏమిటమ్మా ఇది?"

"ఏం చెప్పమంటారు బాబూ! ఆయుష్షు వీటి చేతుల్లో ఉందని మీరన్నారు. తీరా ఇస్తే పట్టుకోవు. ఇంత నిర్లక్ష్యపు చెట్లని నేనెక్కడా చూళ్ళేదు."

మాస్టారు చెట్టు మీదికీ కిందికీ చూశారు. తర్వాత కడుపు పట్టుకుని అక్కడే కూలబడి నవ్వారు. కోప్పడబోయి, ముగ్గురి మొహాల్లో ఆత్రం చూసి కోప్పడలేకపోయారు. తన సంచిలోంచి ఓ పాత డిస్కు తీశారు. రంగు వెలిసింది, అంచు అరిగింది, ఒళ్ళంతా గీతలు.

"ఆడటమంటే ఇదీ, చూడండి," అని విసిరారు. అది గీత గీసినట్టు వెళ్ళి బుట్టలో ఘల్లుమంది. "దీంతో ఎనిమిదేళ్ళుగా ఆడుతున్నాను. ఎటు పొమ్మంటే అటు పోతుంది. నాలుగు రోజులు మీ దగ్గరుంచుతాను, దీన్ని చూసి విసరడం నేర్చుకోండి. కానీ జాగ్రత్తమ్మా, నా ప్రాణమంతా దీన్లోనే ఉంది."

ఒక మనిషి తన ప్రాణాన్ని తీసి బంగారమ్మ చేతిలో పెట్టాడు! ఆమె దాన్ని పట్టుగుడ్డలో చుట్టి దాచింది. రెండు రోజులు ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. కానీ నేర్చుకోమన్నారు గదా? మూడో రోజు పొద్దున్నే దణ్ణం పెట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని విసిరింది. ఫటేల్మంది. కళ్ళు తెరిచేసరికి జీడిమాను కింద డిస్కు రెండు ముక్కలై ఉంది.

"మాస్టారు పోయారు," అంది బంగారమ్మ.

ఇంకేముంది! ముగ్గురూ లబోదిబోమన్నారు. బస్టాండులో ఓ బంతిపూల దండ కొని, పట్నం బస్సెక్కి, దారంతా ముక్కులు చీదుకుంటూ మాస్టారింటికి పోయారు. తలుపు తట్టారు. భుజం మీద తువ్వాలుతో మాస్టారే తలుపు తీశారు.

బంగారమ్మ ఆయన్ని చూసి ఇంకా గట్టిగా ఏడ్చింది. "అయ్యో బాబూ! తమరికింకా కబురందలేదా?"

"ఏ కబురు?"

"తమరు పోయారు. మూడు గంటలైంది."

"ఎవరండీ వచ్చింది?" అని లోపల్నుంచి మాస్టారి భార్య కేకేసింది.

"మీరు రాకండమ్మా, చూసి తట్టుకోలేరు!" అన్నాడు ఎర్రయ్య.

బంగారమ్మ పట్టుగుడ్డ విప్పి రెండు ముక్కలూ చూపించింది. మాస్టారు వాటిని చేతిలోకి తీసుకున్నారు. అరిగిన అంచుని బొటనవేలితో నిమిరారు.

"ఎనిమిదేళ్ళు," అన్నారాయన. "ఏ డిస్కూ ఇన్నాళ్ళు రాదమ్మా. ఆడింది, అరిగింది, పెళుసెక్కింది. ఇవాళ నేను విసిరినా ఇంతే అయ్యేది."

"అయితే తమరు బతికున్నట్టేనా?"

"ఉన్నట్టే."

"మరి దండ?" అన్నాడు కొండబాబు.

"తెచ్చారు గదా, వేసెయ్యండి," అని మాస్టారు తల వంచారు. తర్వాత ముగ్గురికీ ఉప్మా పెట్టించారు.

పోటీ రోజు వచ్చింది. పాత డిస్కు పోయింది, కొత్తవి ఏ గతి పట్టాయో అనుకుంటూ మాస్టారు దిగులుగా ఒకటి తీసి విసిరారు. అది ఎడమకి తిరగలేదు. తిన్నగా పోయింది. ఇంకోటి విసిరారు. అదీ అంతే. గేదెలు తొక్కి, పది రోజులు చెట్ల మీంచి పడీ పడీ, పదకొండూ వెన్నలా మెత్తబడ్డాయి.

"ఆర్నెల్లు ఆడినా ఇలా తయారుకావే! ఉద్యోగం మీదేనమ్మా," అన్నారు మాస్టారు.

"చెప్పింది చెప్పినట్టు చేశాం బాబూ," అంది బంగారమ్మ, తల ఎగరేసి.

ఊళ్ళ నుంచి ఇరవై మంది ఆటగాళ్ళొచ్చారు. మాస్టారు మైకులో చెప్పారు: "తొమ్మిది బుట్టలూ పూర్తయ్యేసరికి ఎవరు తక్కువసార్లు విసిరితే వాళ్ళదే గెలుపు."

బంగారమ్మ తమ్ముళ్ళని మోచేత్తో పొడిచింది. "మా పేర్లు కూడా రాసుకోండి బాబూ," అంది. తలా ఒక డిస్కు పుచ్చుకుని, చాప పరుచుకుని, ముగ్గురూ నీడన కూర్చున్నారు. అందరూ ఎండలో విసిరి విసిరి చెమటలు కక్కారు. చివరికి పలాస నుంచొచ్చిన ఓ అమ్మాయి ముప్పై ఒక్కసార్లకే ముగించింది. చప్పట్లు మోగాయి.

బంగారమ్మ చాప మీంచి లేచింది. "ఆగండాగండి. మేం సున్నా!"

"అదేమిటమ్మా, మీరు ఆడనేలేదు!"

"తక్కువైతేనే గెలుపన్నారు తమరే. సున్నా కంటే తక్కువ ఎవరైనా విసిరుంటే చెయ్యెత్తమనండి."

ఎవరూ చెయ్యెత్తలేదు. మాస్టారు తల గోక్కున్నారు. "సరేనమ్మా, మీ ముగ్గురికీ సమానంగా వచ్చింది గదా. మొదట మీలో ఎవరు గెలిచారో తేల్చుకోండి," అని చెప్పి, కప్పు ఆ అమ్మాయికిచ్చి, జనాన్ని పంపించేశారు.

మర్నాడు పాలు తీసుకుని అటుగా వెళ్తున్న సింహాచలం భార్యకి, తోటలో చాప మీద ముగ్గురూ ఎదురెదురుగా, చేతుల్లో డిస్కులు బిగబట్టుకుని, ఒకళ్ళనొకళ్ళు కొరకొరా చూసుకుంటూ కనిపించారు.

"ఏటప్పా, ఇక్కడ కూర్చున్నారు?"

బంగారమ్మ కళ్ళు తిప్పకుండానే వేలు పెదవులకి ఆనించింది.

"హుష్! మాట్లాడించకు. ఆట మంచి ఊపు మీదుంది."