నక్క చూసిన ఖాళీ

తన గది నాలుగు గోడలు చూసి ఇల్లంతా చూశానని చెప్పేవాడా, నిన్నే అంటున్నాను. కాపలాకు ఒప్పుకున్నాక చూడకుండా మాట చెప్పడం బద్ధకం కాదు, ద్రోహం. నమ్మకపోతే ఈ నక్క సంగతి విను.

కొండవాగు పక్క అడవిలో జంతువులు ఒక కంప్యూటర్ పెట్టుకున్నాయి. ఎగువన పెట్టిన పరికరం వాగు మట్టం కొలిచి పంపితే, కంప్యూటర్ దాన్ని డిస్కులో రాసుకుంటుంది. మట్టం హద్దు దాటితే సైరన్ మోగిస్తుంది. డిస్కు నిండిపోతే రాసే చోటుండదు, సైరన్ కూడా మోగదు. ఒడ్డున బొరియల్లో ఉండేవాళ్ల ప్రాణాలు ఆ సైరన్ మీదే ఉన్నాయి.

కంప్యూటర్ బాధ్యత ఎద్దుది. డిస్కు నిండబోతోందని ఎవరైనా ముందే చెబితే, పాత లెక్కలు తుడిచి చోటు చేస్తుంది. ఆ చెప్పే పని నక్క అడిగి మరీ తీసుకుంది. దాని ప్రోగ్రాముకు ఎద్దు కంప్యూటర్లో ఒక కంటైనర్ ఇచ్చింది. కంటైనరంటే మూత బిగించిన డబ్బా లాంటిది. లోపలున్నవాడికి డబ్బా గోడలే కనిపిస్తాయి.

ఆ పూటే నక్క వచ్చి చెప్పింది. "మామా, డిస్కు ముప్పావు వంతు ఖాళీ."

ఎద్దు నెమరు ఆపింది. "ఏ డిస్కు అల్లుడూ?"

"డిస్కంటే డిస్కే. మొత్తం ఎంత, నిండింది ఎంత అని అడిగాను. చెప్పింది."

"డబ్బాలో కూర్చుని అడిగితే డబ్బా లెక్కే చెబుతుంది. వాగు లెక్కలు రాసే డిస్కు బయట ఉంది. దానివైపు నీకొక కిటికీ పెడతాను. చూడ్డానికే సుమా, చెయ్యి పెట్టడానికి వీలుండదు."

ఆ చివరి మాట నక్కకు గుచ్చుకుంది. "నేనేమన్నా దొంగనా?"

"ఎవరికైనా అంతే. కాపలావాడికి కళ్లు చాలు."

"కాడి మోసే మెడ నా బుర్రకు పాఠం చెప్పనక్కర్లేదు. నీ కిటికీ నువ్వే ఉంచుకో."

ఎద్దు ఇక మాట్లాడలేదు. చెప్పాల్సింది చెప్పాననుకుంది. అది ఎద్దు తప్పు కాదని నేననను.

ముసురు పట్టింది. కుందేలు నక్క దగ్గరికి వచ్చింది. "అన్నా, పిల్లల్ని గట్టు మీదికి తీసుకుపోనా?"

"ఎందుకమ్మా? ముప్పావు ఖాళీ. సైరన్ మోగకపోతే నా చెవి కోసిస్తాను."

"నీ చెవి నేనేం చేసుకోను? నా చెవి కంటే మూరెడు పొట్టి. బయట డిస్కు చూశావా, అది చెప్పు."

నక్క తడబడలేదు. "చూడకుండా చెబుతానా? ఇదిగో, నా పిల్లల్నే ఒడ్డుకు దింపుతున్నాను. తినడానికి పీతలూ దగ్గరే." అన్నట్టే దింపింది కూడా. కళ్లు మూసుకుని పాలు తాగే పిల్లికి లోకమంతా చీకటే.

వానలు పెరిగిన కొద్దీ లెక్కలు పెరిగాయి, బయట డిస్కు నిండుతూ వచ్చింది. ఒక మధ్యాహ్నం అందులో ఆఖరి చోటూ అయిపోయింది. డబ్బాలో మాత్రం ముప్పావు ఖాళీయే. వాగు హద్దు దాటింది. సైరన్ మోగలేదు.

హోరు విని ఎద్దు గట్టు మీద నిలబడి రంకె వేసింది. కుందేలు ఆ రంకెకు లేచి, పిల్లల్ని ఒక్కొక్కటిగా నోట కరుచుకుని పైకి చేర్చింది. కంప్యూటర్ పాకలో కునుకు తీస్తున్న నక్క పరుగెత్తుకొచ్చేసరికి ఒడ్డు లేదు, నీళ్లే ఉన్నాయి.

"మామా," అంది నక్క, "ఖాళీ ఉందనే చూపించింది."

"ఉంది అల్లుడూ. నీ డబ్బాలో ఇప్పటికీ ఉంది."

చూడనిదాన్ని చూశాననే కాపలా కంటే కాపలా లేకపోవడమే నయం.

నక్కను ఎవరూ తిట్టలేదు. వరద తీశాక దాని పిల్లలు రెండూ దిగువన ఇసుకలో ప్రాణం లేకుండా దొరికాయి. కుందేలు తోడు రాగా, నక్క వాటిని తన నోటితోనే గట్టు మీదికి మోసుకొచ్చుకుంది.