కొండమీది మఠంలో రాతిచిలుక

అనగా అనగా, సముద్రాలన్నిటికీ ఈవలి ఒడ్డున మకుటపురమనే రాజ్యం. దాన్ని ఏలే రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు జయంతుడు, నడిమివాడు మకరందుడు, చిన్నవాడు సునందుడు.

ఏడు సముద్రాలకు ఆవల యవనదేశంలో, ఒడ్డునే ఒక కొండ ఉందనీ, పూర్వం సన్యాసులు దాని మీద కట్టుకున్న మఠం పాడుబడి ఉందనీ, గోడల మీద రంగురాళ్ళు పొదిగి చేసిన బొమ్మలు చూడ్డానికి రెండు కళ్ళూ చాలవనీ ఓడవాళ్ళు చెప్పుకునేవారు. అది విని జయంతుడు చూసొస్తానని వెళ్ళాడు. తిరిగి రాలేదు. అన్నను వెతకడానికి మకరందుడు వెళ్ళాడు. అతనూ తిరిగి రాలేదు. సునందుడు బయల్దేరుతుంటే తల్లి అడ్డుపడలేదు. గుమ్మంలో నిలబడి, "ముగ్గురూ కలిసి రండి నాయనా," అని మాత్రం అంది.

ఒక సముద్రం దాటాడు, రెండు దాటాడు, ఏడూ దాటాడు. కొండ కింది రేవుపట్నంలో దిగి దారి అడిగితే ఎవరూ పెదవి విప్పలేదు. చివరికి ఆ పట్నాన్ని ఏలే దొర కూతురు ఇరీని చెప్పింది. కొండ మీద ఒక మాంత్రికుడు చేరాడట. మఠం చూడవచ్చిన వాళ్ళకు మూడు పనులు చెబుతాడట. చెయ్యలేకపోతే గోడ మీద బొమ్మలుగా మార్చేస్తాడట. ఆమె తండ్రి కూడా ఆ గోడ మీదే ఉన్నాడు.

"వాడి ప్రాణం ఆ గోడమీది చిలకలో ఉందంటారు. కానీ గోడ నిండా చిలకలే. ఏదని చెప్పను?" అంది ఇరీని. వెనక్కి వెళ్ళమన్నా సునందుడు వినకపోయేసరికి, దారిలో తినమని రొట్టె మూటకట్టి ఇచ్చింది.

సగం కొండ ఎక్కాక ఒక ముసలి మేక ఎదురొచ్చింది. సునందుడు దానికి సగం రొట్టె పెట్టాడు. ఇంకాస్త పైన, గూట్లోంచి జారిపడ్డ వానకోయిల పిల్ల కనబడితే ఎత్తి మళ్ళీ గూట్లో పెట్టాడు.

మఠానికి పైకప్పు లేదు. గుమ్మటం కూలింది. నడవల్లో గడ్డి మొలిచింది. ఒక్క గోడ మాత్రం కూలకుండా నిలబడి ఉంది. దాని మీద అన్నలిద్దరూ పక్కపక్కనే, నీలం రాళ్ళ అంగీలతో, రెప్ప వెయ్యకుండా సముద్రంకేసి చూస్తున్నారు.

పడిపోయిన స్తంభం మీద కంబళి కప్పుకుని మాంత్రికుడు కూర్చున్నాడు. ముందు మంచినీళ్ళు తెమ్మన్నాడు. ఆ కొండ మీద చుక్క నీరు లేదు. ముసలి మేక వచ్చి, "మా తాతల నాడు సన్యాసులు తవ్వుకున్న తొట్టి ఉంది, రా," అని ముళ్ళపొదల కిందకి తీసుకెళ్ళి చూపించింది. తరవాత గోడ పగుళ్ళకు సముద్రపు ఒడ్డున ఉన్న ఎర్రమట్టి పొద్దు తిరిగేలోగా తెమ్మన్నాడు. వానకోయిలలు గుంపులుగా వచ్చి, ముక్కున కరిచి తెచ్చి కుప్పపోశాయి.

"ఇక గోడ కడుగు. పొద్దుగూకేలోగా ఏ బొమ్మ మీద దుమ్ము కనబడినా నువ్వూ మీ అన్నల పక్కనే," అన్నాడు మాంత్రికుడు.

ఈసారి మేకా రాలేదు, వానకోయిలా రాలేదు. సునందుడు ఒక్కడే కడగడం మొదలుపెట్టాడు. అన్నల మొహాలు కడిగాడు. దొర మొహం కడిగాడు. చిలకల్ని ఒక్కొక్కటిగా కడిగాడు. తీగల మాటున, మూల ఒదిగి ఉన్న ఒక చిలక మీద నీళ్ళు పోశాడో లేదో, వెనక మాంత్రికుడు వణికాడు. మళ్ళీ పోశాడు. మాంత్రికుడు కంబళి దగ్గరకు లాక్కున్నాడు. మూడోసారి కుండ మొత్తం కుమ్మరించాడు. మాంత్రికుడు గట్టిగా తుమ్మాడు.

సునందుడు కత్తి తీసి, ఆ చిలక కంట్లో పొదిగిన ఎర్రరాయి కింద మొన దూర్చాడు.

"ఆ రాయి జోలికి పోకు," అన్నాడు మాంత్రికుడు.

"అందరినీ దింపు. పోను."

మాంత్రికుడు మంత్రం చదివాడు. జయంతుడు దిగాడు, మకరందుడు దిగాడు, దొర దిగాడు, ఎక్కడెక్కడి వాళ్ళో ఒళ్ళు విరుచుకుంటూ దిగారు. మాట ప్రకారం సునందుడు కత్తి వెనక్కి తీశాడు. తీశాడో లేదో మాంత్రికుడు కంబళిలోంచి మంత్రదండం తీసి ఎత్తాడు. జయంతుడి కాళ్ళు రాళ్ళవుతున్నాయి. సునందుడు ఇంక ఆలోచించలేదు. రాయి పెకలించేశాడు. స్తంభం మీద ఖాళీ కంబళి మిగిలింది. దాన్ని చూస్తే సునందుడికి సంతోషం కలగలేదు, జాలీ కలగలేదు. కాళ్ళు మళ్ళీ మామూలైన అన్నకు చెయ్యి అందించి లేపాడు.

దొరకు కొడుకులు లేరు. కూతురినీ పట్నాన్నీ సునందుడికి ఇస్తానన్నాడు. "ముందు ఆమెను అడగండి," అన్నాడు సునందుడు. "నిన్ను వెనక్కి వెళ్ళమన్నది నేనే. ఇప్పుడు ఉండమంటున్నాను," అంది ఇరీని.

పెళ్ళికి మకుటపురం నుంచి రాజూ రాణీ ఓడలో వచ్చారు. రాణి ముగ్గురు కొడుకుల్నీ పట్టుకుని కొండ ఎక్కింది. పెద్దకొడుకులిద్దరూ ఉన్నచోట గోడ మీద మిగిలిన ఖాళీని చాలాసేపు తడిమింది.

"ఇక్కడ చలేసిందా నాయనా?" అని అడిగింది.

"వేసిందమ్మా," అన్నాడు జయంతుడు.

మకుటపురాన్ని తండ్రి తరవాత జయంతుడు ఏలాడు, మకరందుడు అతనికి మంత్రిగా ఉన్నాడు. సునందుడూ ఇరీనీ ఆ రేవుపట్నాన్ని తలలు నెరిసేదాకా చల్లగా ఏలుకున్నారు. రెండు తీరాల మధ్యా ఓడలు వెళ్తూనే ఉండేవి, వెళ్ళినవన్నీ తిరిగి వస్తూనే ఉండేవి.