కాలువ గట్టు తోటకూర

ఆ ఏడు రహంతుల్లాకు ఒకటే కోరిక. ఉరుసులో గంధం బిందె తన నెత్తికెక్కాలి. దర్గా చూసుకునే యాకూబ్ తాత సరేనంటే ఎక్కుతుంది, లేదంటే లేదు.

తాత దగ్గర ఒక ఆనవాయితీ ఉంది. గంధం మొయ్యాలనుకున్న శిష్యుడు తను చేసే పనిలోంచి పుట్టినదేదో ఒకటి తాతకు తన చేత్తో తినిపించాలి. కొన్నది కుదరదు. కిందటేడు మోసిన కుమ్మరి ఓబులేసు తను చేసిన కొత్త కుండలోనే అన్నం వండి తెచ్చాడు. అంతకుముందు మోసినాయన గొర్రెల కాపరి. ఆయనకు పాలున్నాయి, చిక్కే లేదు.

రహంతుల్లాది రంగుల ఫ్యాక్టరీ. ప్లాస్టిక్ బిందెల్లో, బకెట్లలో కలిపే పసుప్పచ్చ రంగు పొడి చేస్తాడు. దారిలో ఎవరింటి ముందైనా అలాంటి బిందె మెరిస్తే చాలు, బండి ఆపి "మన రంగే!" అని పక్కవాళ్ళకు చూపించే మనిషి. ఎంత మంచి రంగైనా నోట్లో వేసుకొమ్మని చెప్పలేడు కదా. అదీ అతని బాధ.

వెళ్ళి తాత ముందు కూర్చున్నాడు.

"బిర్యానీ చేయించుకొస్తా తాతా. ఫ్యాక్టరీ సంపాదనతోనే."

"కొన్నది కుదరదని తెలీదా నీకు? నీ ఫ్యాక్టరీలోంచి ఏమేం బయటికొస్తాయిరా?"

"రంగు."

"ఇంకా?"

"నీళ్ళు. రంగు కడిగిన నీళ్ళు కింది పొలాలకు పారే కాలువలో కలుస్తాయి. ఊరికే వదలం తాతా. తొట్టి కట్టించినా. సున్నం, పటిక వేసి తేర్చి వదుల్తాం. అద్దం మాదిరి ఉంటాయి!"

"సంతోషం," అన్నాడు తాత. లోపలికెళ్ళి గుప్పెడు తోటకూర విత్తనాలు తెచ్చి అతని దోసిట్లో పోశాడు. "ఆ నీళ్ళు బయటపడే చోట గట్టు మీద చల్లు. ఆ నీళ్ళే పొయ్యి. కూర నువ్వే వండి తీసుకురా."

ఇంత సులువా అనుకుంటూ రహంతుల్లా ఇంటికెళ్ళాడు.

తోటకూర ఏపుగా వచ్చింది. పొద్దున్నే ప్యాంటు మడిచి, తేరిన నీళ్ళు బకెట్టుతో తనే మోసి పోస్తుంటే పనివాళ్ళు చాటుగా నవ్వుకున్నారు. నవ్వనిది ఒక్క సులోచనే. ఆమె ఫ్యాక్టరీలో కెమిస్టు.

"ఆ ఆకు ఎవరికి సార్?"

"మా తాతకి."

ఆమె అనవలసింది కిందటేడే అనేసింది. తొట్టిలో రంగు తేరుతుంది గాని సీసం మొత్తం పోదు, సీసం లేని రంగు చేద్దాం సార్ అని. ఆ రంగు ఎండకు వెలుస్తుందని రహంతుల్లాకు తెలుసు. వెలిసిన బిందె ఎవరు కొంటారు? "మిగిలేది కాస్తేగా," అని ఆ మాట అంతటితో తుంచేశాడు.

ఉరుసు ముందు గురువారం మధ్యాహ్నం, ఎర్రగా తాలింపు పెట్టిన తోటకూర, వేడన్నం తీసుకుని దర్గాకు వచ్చాడు. తాత చాప మీద సర్దుకుని కూర్చున్నాడు. రహంతుల్లా అన్నంలో కూర కలిపి ముద్ద చేశాడు. తాత కళ్ళు మూసుకుని, ముందు పళ్ళు లేని నోరు పసిపిల్లాడిలా తెరిచాడు.

చిన్నప్పుడు తల్లి చనిపోయిన ఏడు ఇదే చాప మీద రహంతుల్లా నోరు తెరిచి కూర్చునేవాడు. అప్పుడు ముద్దలు పెట్టింది ఈ తాతే.

ముద్ద సగం దారిలో ఆగిపోయింది.

"ఏందిరా? ఆకలేస్తాంది."

"వద్దు తాతా."

"నీళ్ళు అద్దం మాదిరి ఉంటాయంటివే?"

"ఉంటాయి."

"మరి?"

రహంతుల్లా ముద్దకేసి చూస్తూ, "దాంట్లో సీసం ఉంటుంది తాతా. విషం. కాస్త," అన్నాడు.

"కాస్తేగా," అని తాత మళ్ళీ నోరు తెరిచాడు.

రహంతుల్లా ముద్దను పళ్ళెంలో పడేసి తల వంచుకున్నాడు. కన్నీళ్ళు ఆగలేదు. వాకిట్లో కోళ్ళు తిరుగుతున్నాయి. అవి ముట్టకుండా తాత పళ్ళెం దగ్గరికి లాక్కుని, మీద ఇంకో పళ్ళెం బోర్లించాడు. తర్వాత బయటి ఎండకేసి చూశాడు.

"కాలువ కింద పల్లెల్లో కూడా ఇది అన్నాల వేళేరా," అన్నాడు.

రహంతుల్లా చెయ్యి కూడా కడుక్కోకుండా లేచాడు. కాలువలోకి వదిలే నీళ్ళ గేటు మూసెయ్యమని సులోచనకు ఫోన్‌లో చెబుతూనే బండి దగ్గరికి పరిగెత్తాడు. గంధం బిందె సంగతి అతనికి గుర్తే రాలేదు.